గీకిన చోటు

పాము వద్దన్నాడు ఏకాంబరం అయ్యవారు.
నక్క వద్దు, వీపులో దిగిన కత్తీ వద్దు.
"పాము పాపం బుస కొట్టి, చెప్పి కరుస్తుంది గదప్పా.
నమ్మించి గొంతు కోసేదానికి చప్పుడుండదు.
దానికి బొమ్మ యెయ్, చూస్తాం."

నాకప్పుడు ముప్పై రెండేళ్లు.
గ్రీమ్స్‌పేటలో బోర్డులు రాసే అంగడి.
లారీల వెనక నెమళ్లు, సోడా షాపుకు సింహం.
పుస్తకానికి బొమ్మలెయ్యడం అదే మొదలు.
పద్నాలుగు బొమ్మలు, బొమ్మకు పన్నెండు రూపాయలు,
సగం ముందిచ్చినాడు.

వారం దినాలు బెల్లం మండీలో కూర్చున్నా.
ఈగలకు నేనూ ఒక దిమ్మెనే.
దళారి చెయ్యీ రైతు చెయ్యీ
ఒకే తువ్వాలు కిందికి దూరతాయి.
పైన మాటలు వేరే:
"వానలెట్టన్నా మీ పక్క? మరదలికి ఒళ్లు బాగైందా?"
కింద వేళ్లు ధర మాట్లాడుకుంటా ఉంటాయి.
లోపల ఏ వేలు ముడుచుకుందో,
నవ్వుతున్న రైతు మొహం
అరక్షణం ఆరిపోయి
మళ్లీ నవ్వింది.

దొరికింది.

సొసైటీ ప్రెసిడెంటు మెడలో పూలదండ కింద తువ్వాలు.
కాటా పళ్లానికి అడుగున మడత పెట్టి తువ్వాలు.
ఎలక్షన్ జీపు బానెట్ మీద
ఎండకు ఆరేసినట్టు తువ్వాలు.
ఒక బొమ్మలో మనుషులే లేరు.
రెండు కుర్చీలు, చల్లారిన రెండు గ్లాసుల కాఫీ,
నడిమధ్యన గాలిలో ఒక తువ్వాలు,
కింద ఏందో ప్రాణమున్నట్టు ఉబ్బి.
అయ్యవారు దాన్నే చూసి చూసి
కండ్లద్దాలు తుడుచుకున్నాడు.
"ఇంక నేను రాసింది తీసేసినా నష్టం లేదబ్బా."

తొమ్మిదో బొమ్మకు తువ్వాలు పెట్టలేదు.
కథలో 'ఒక పెద్దమనిషి' అని మాత్రమే ఉంది.
నేను ఎడమ కంటి కింద మచ్చ పెట్టినా,
మిరియం గింజంత, ఒక్క చుక్క సిరా.
ఆ చుక్కను చిత్తూరు చిత్తూరంతా చదివేస్తుంది,
చదువు రానోళ్లు ఇంకా ముందు.

బ్లాకులకు వేలూరు పోవాల్సిన ముందురోజు, దీపాలు పెట్టే వేళ
చెంగల్రాయుడే వచ్చినాడు అంగడికి.
బెదిరించలేదు. బొమ్మ ఊసే లేదు.
స్టూలు మీద కూర్చుని నెమలి బాగుందన్నాడు.
"మండీలో అరవై కొట్లకు బోర్డులు రాయాల. ఎంతకిస్తావు?"
అంటా భుజం మీది తువ్వాలు తీసి
నా చేతి మీద కప్పినాడు.

వెచ్చటి వేళ్లు. బెల్లం జిగట.
మూడు నొక్కినాడు, ఆగినాడు, ఇంకొకటి నొక్కినాడు.
దేనికి తలూపినానో
ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

రాత్రి సగం విరిచిన బ్లేడుతో గీకినా.
సిరా పోయింది, దాంతో కాగితం పొరా లేచింది,
దూది మాదిరి, తెల్లగా.
ఇంత నల్లటి పని ఇంత తెల్లగా జరుగుతుందని
అంతవరకు నాకు తెలీదు.

పుస్తకమొచ్చింది. జనం తువ్వాళ్లకు పడి పడి నవ్వినారు.
తొమ్మిదో బొమ్మ కాడ
"ఎవురబ్బా ఈయన?" అని తిప్పేసినారు.
అయ్యవారు ఏమీ అడగలేదు.
మిగతా ఎనభై నాలుగు రూపాయలు
కవర్లో పెట్టి, నా పేరు గుండ్రంగా రాసి
తెచ్చిచ్చినాడు. మంచినీళ్లు తాగిపోయినాడు.
అవి తగ్గించి ఉంటే బతికిపోయేవాణ్ణి.

మొన్న తిరుపతి నుంచి ఒక పాప వచ్చింది,
వ్యంగ్య చిత్రాల మీద పరిశోధనంట.
అసలు బొమ్మలు నేల మీద పరిచి
వేలితో తువ్వాళ్లు లెక్క పెట్టింది.
"పదమూడే ఉండాయి తాతా. ఈ తొమ్మిదో దాంట్లో లేదే?"

"ఉందిలేమ్మా" అన్నా.

"యాడ?" అని
కాగితం కిటికీకి అడ్డంగా
ఎత్తి పట్టుకునింది.